ఫ్లాట్‌లో తోలుపని: ఏం కొనాలి, ఏం అక్కర్లేదు, చప్పుడు సంగతేంటి?

పటమట_కుర్రాడు:

అందరికీ నమస్తే. నేనుండేది పటమటలో అద్దె ఫ్లాట్, మూడో అంతస్తు. పగలంతా కంప్యూటర్ ముందే గడిచిపోతుంది, సాయంత్రాలైనా చేత్తో ఏదో ఒకటి చేద్దామని వీడియోలు చూస్తూ చూస్తూ తోలుపనిలో పడ్డాను. వాలెట్లు, కార్డ్ హోల్డర్లు, కుదిరితే ఒక బెల్టు, అంతవరకే ఆశ. అమ్ముకునే ఉద్దేశం లేదు.

ఆన్‌లైన్‌లో స్టార్టర్ కిట్ ఒకటి తెప్పించాను. పెట్టె నిండా ఏవేవో ఉన్నాయి, సగం వాటితో ఏం చేయాలో తెలీదు, పూల అచ్చులు ఆకుల అచ్చులు కూడా ఇచ్చారు, కత్తి మాత్రం కాగితం కూడా సరిగ్గా కొయ్యదు. తోలు కోసం ఆటోనగర్‌లో సీట్లు కుట్టే చోట అడిగితే కట్ పీసులు ఇచ్చారు. దాంతో ఒక కార్డ్ హోల్డర్ కుట్టాను, దూరం నుంచి చూస్తే పర్లేదు, కానీ అంచులు ఎంత రుద్దినా నున్నగా రావు, పీచు లేస్తూనే ఉంటాయి. తర్వాత వెజ్ ట్యాన్ అని చెప్పి అమ్మే చిన్న ముక్క ఆన్‌లైన్‌లోనే తెప్పించి, అచ్చు వేద్దామని తడిపి, దాని మీద స్టీలు స్కేలు పెట్టి గీతలు గీసి అలాగే వదిలేస్తే తెల్లారేసరికి స్కేలు ఆనిన చోటల్లా నల్ల మచ్చలు. అవి పోతాయా, లేక ముక్క పారేయాల్సిందేనా?

కుట్టు ముందు వైపు బాగానే పడుతోంది, వెనక వైపు మాత్రం ఒకటి పైకి ఒకటి కిందకి. దీనికి కారణం టూలా, చెయ్యా?

అన్నిటికన్నా పెద్ద తలనొప్పి చప్పుడు. కుట్టు కన్నాలు వేసే పళ్ల టూలు, అదే ఫోర్క్, పెట్టి సుత్తితో నాలుగు దెబ్బలు వేస్తే కింద ఫ్లాట్ అంకుల్ బెల్లు కొడుతున్నారు. ఇంట్లో అమ్మేమో పూజ గది గోడకి ఆనుకుని తోలు పెట్టొద్దంటుంది, నాన్న "బీటెక్ చదివి చెప్పులు కుట్టుకుంటావా" అని వారానికోసారి అంటారు. ఆ సంగతి నేను చూసుకుంటాను గానీ, తోలు ఎక్కడ కొనాలి, చెన్నై దాకా వెళ్లడం దండగా, ఈ కిట్‌లో ఏవి ఉంచుకోవాలి, ఏవి విడిగా కొనాలి, కాస్త చెప్పండి. గుంటూరులో ఎవరైనా చేస్తుంటే వచ్చి చూస్తాను కూడా.

గుంటూరు_బెల్టులు:

తమ్ముడూ, నీ కార్డ్ హోల్డర్ అంచుల సమస్యకీ నీ చేతికీ సంబంధం లేదు, అది తోలు సమస్య. ఆటోనగర్‌లో సీట్లకి వేసేది చాలావరకు రెగ్జిన్, దానికి అంచు మెరవడం అనే మాటే లేదు. ఒకవేళ నీకు నిజం తోలు ముక్కే దొరికినా అది క్రోమ్ ట్యాన్ అయి ఉంటుంది, అంటే క్రోమియం లవణాలతో ఊనింది, పచ్చి తోలు కుళ్లకుండా పదును చేసింది. అది మెత్తగా ఉంటుంది, నీళ్లు పడినా పెద్దగా చలించదు, సీట్లకీ జాకెట్లకీ చక్కగా సరిపోతుంది, కానీ తడిపి అచ్చు వేస్తే అచ్చు నిలవదు, అంచు రుద్దితే నున్నబడదు. దానికి అంచు మీద ఎడ్జ్ పెయింట్ పూయాలి, లేదా అంచు మడిచి కుట్టాలి. నీకు కావాల్సింది చెట్టు బెరడుతో ఊనిన తోలు, అదే వెజ్ ట్యాన్. క్రోమ్ తోలు రోజులో రెండు రోజుల్లో ఊనుతుంది, బెరడు తోలుకి వారాలు పడుతుంది, ధరలో తేడా అక్కడే మొదలవుతుంది.

కొనేటప్పుడు ఎలా గుర్తుపట్టాలంటే, పైన పూత లేని వెజ్ ట్యాన్ మీద ఒక నీటి చుక్క వేస్తే కాసేపట్లో పీల్చుకుని అక్కడ రంగు ముదురుతుంది. కోసిన అంచు చూడు, మధ్యలో నీలం బూడిద రంగు ఛాయ కనిపిస్తే క్రోమ్. ఇంకా అనుమానముంటే గోరంత ముక్క బాల్కనీలో కాల్చి చూడొచ్చు, వెజ్ ట్యాన్ తొందరగా అంటుకోదు, నల్లగా మాడి బూడిద రంగు బూడిదే మిగులుతుంది, క్రోమ్‌ది పచ్చ ఛాయ తిరుగుతుంది. ఆ పొగ మాత్రం పీల్చకు, మంచిది కాదు.

నల్ల మచ్చల సంగతి. బెరడు నుంచి తోలులోకి వచ్చే టానిన్ అనే వగరు పదార్థానికి ఇనుము తగిలి, తడి కూడా తోడైతే నలుపు వస్తుంది. పెడన కలంకారీలో నల్ల రంగు వచ్చేది సరిగ్గా ఇలాగే, తుప్పు ఇనుము బెల్లం నీళ్లలో నానబెట్టి, కరక్కాయ పట్టించిన గుడ్డ మీద వేస్తారు, కరక్కాయలో ఉన్నదీ టానినే. కాబట్టి తడి తోలు మీద ఇనుప సామాను వదిలేయకూడదు. గీతలకి ప్లాస్టిక్ స్కేలో అల్యూమినియం స్కేలో వాడు, పేపర్ క్లిప్పులు పెట్టకు, ఇనుప రజను పడిన టేబుల్ మీద తడి తోలు పరచకు. ఉన్న మచ్చ మీద నిమ్మరసం దూదితో అద్దు, చాలావరకు పోతుంది, వెంటనే ముక్క మొత్తాన్ని తడిగుడ్డతో సమానంగా తడిపి నీడలో ఆరబెట్టు. మచ్చ ఒక్కచోటే తడిపితే అక్కడ నీటి గీత మిగిలిపోతుంది, అది ఇంకా వికారం.

టూల్స్ గురించి నా అభిప్రాయం కొందరికి నచ్చదు. కిట్‌లో పూల అచ్చులన్నీ ఒక సంచీలో వేసి అటక మీద పెట్టెయ్. మంచి స్నాప్ కట్టర్, కింద వేసుకునే కటింగ్ మ్యాట్, నాలుగు మిల్లీమీటర్ల దూరం ఉన్న ఫోర్కులు రెండు, ఒకటి రెండు పళ్లది మలుపులకి, ఒకటి నాలుగో ఆరో పళ్లది తిన్నటి గీతకి, మొన మొద్దుగా ఉండే సూదులు, మైనం పట్టించిన పాలిస్టర్ దారం 0.6 లేదా 0.8 మి.మీ.ది, నైలాన్ మ్యాలెట్ (ఇనుము కాని సుత్తి), అంచు మొన చెక్కి గుండ్రం చేసే ఎడ్జ్ బెవెలర్. ఇంతే. కుట్టు గీత వేయడానికి స్పెషల్ టూలు కొనక్కర్లేదు, స్కూలు జామెట్రీ బాక్స్‌లో డివైడర్ ఉంటుంది కదా, దాన్ని మూడు నాలుగు మి.మీ.కి తెరిచి ఒక కాలు తోలు అంచుకి ఆనించి లాగితే గీత తిన్నగా పడుతుంది. అంచు రుద్దడానికి పాత జీన్స్ ముక్క చాలు. అంచు రుద్దే చెక్క టూలు, అదే స్లిక్కర్, కావాలంటే గట్టి చెక్కతో లేతు మీద తీయించుకో, కొండపల్లి బొమ్మల పొణికి చెక్కతో మాత్రం వద్దు, అది మరీ మెత్తన.

మా ఊళ్లో ఇంకో సలహా ఇస్తారు, మిర్చి యార్డులో బస్తాలు కుట్టే దబ్బనంతో లాగించెయ్ అని. వినకు. అది గోనెసంచికి చేసిన సూది, తోలులో దూరిస్తే కన్నం చిరిగి కుట్టు వదులవుతుంది.

మిగిలిన డబ్బు మొత్తం తోలు మీద పెట్టు. కార్డ్ హోల్డర్‌కి 1.2 మి.మీ. మందం, వాలెట్ లోపలి అరలకి 0.8 నుంచి 1, బెల్టుకి మూడున్నర నుంచి నాలుగు. బెల్టుకి వీపు భాగం అడుగు, పొట్ట భాగం చవకే కానీ సాగిపోతుంది, బెల్టు కొన్నాళ్లకి వంకర తిరుగుతుంది. బెల్టు కొలత నడుముకి తీయకు, ఇప్పుడు వాడే బెల్టు తీసి బకిల్ మడత దగ్గర్నుంచి నువ్వు పెట్టుకునే కన్నం దాకా కొలువు, ఆ కొలతకి మధ్య కన్నం పెట్టి అటు రెండు ఇటు రెండు అంగుళం దూరంలో కొట్టు.

చెన్నై దండగ కాదు. పొద్దున పినాకిని ఎక్కితే మధ్యాహ్నానికి సెంట్రల్‌లో దిగుతావు, తోలు వ్యాపారమంతా నడిచే పెరియమెట్ అక్కడికి దగ్గరే. వాణియంబాడి, ఆంబూరు, రాణిపేట ట్యానరీల సరుకు అక్కడికి వస్తుంది. చదరపు అడుగు లెక్కన అమ్ముతారు, చేత్తో ముట్టుకుని, వంచి చూసి, వెనక వైపు కత్తి గాట్లు ఉన్నాయేమో చూసి తీసుకోవచ్చు. ఫొటో చూసి ఆన్‌లైన్‌లో కొంటే ఇవేవీ తెలియవు. వెళ్లేముందు మాత్రం ఏ వస్తువుకి ఎంత మందం, ఎన్ని అడుగులు అన్నది కాగితం మీద రాసుకుని వెళ్లు, లేకపోతే ఆ తోలు వాసనకి మతిపోయి అక్కర్లేనివన్నీ మోసుకొస్తావు.

వన్‌టౌన్_వాసు:

చెన్నై దాకా ఎందుకు బాసూ, మన వన్‌టౌన్‌లోనే చెప్పుల మెటీరియల్ షాపుల్లో దారం, గమ్, రివెట్లు, బకిల్స్ దొరుకుతాయి కదా. తోలు కూడా అడిగి చూడు. అంకుల్‌కి ఒక కీచైన్ కుట్టివ్వు, బెల్లు కొట్టడం మానేస్తారు.

సింగ్‌నగర్_చేతికుట్టు:

వాసు గారు చెప్పిన కీచైన్ ఐడియా నిజంగానే పనిచేస్తుంది, మా పక్కింటివాళ్ల దగ్గర పనిచేసింది. కానీ చప్పుడు తగ్గించడానికి వేరే దారులు కూడా ఉన్నాయి, నేనూ ఫ్లాట్‌లోనే చేస్తాను కాబట్టి చెప్తున్నాను.

ముందు, నేల మీద కూర్చుని కొట్టకండి, దెబ్బ నేరుగా స్లాబ్‌లోకి దిగి కింద వాళ్ల తల మీద మోగుతుంది. బరువైన టేబుల్ మీద, అదీ మధ్యలో కాకుండా సరిగ్గా కాలు ఉన్న మూల మీద పని పెట్టుకోండి. టేబుల్ కాళ్ల కింద రబ్బరు ముక్కలు. టేబుల్ మీద పాత దుప్పటి నాలుగు మడతలు, దాని మీద గ్రానైట్ పలక, దాని మీద మందపాటి ప్లాస్టిక్ బోర్డు, అప్పుడు తోలు. గ్రానైట్ కోసం డబ్బు పెట్టకండి, వంటగది ప్లాట్‌ఫారాలు వేసే షాపుల దగ్గర చీమకుర్తి నల్ల గ్రానైట్ విరుగుడు ముక్కలు పడి ఉంటాయి, అడిగితే ఇచ్చేస్తారు. ఎంత మందంగా ఉంటే అంత మంచిది. ఇంకోటి, తేలిక సుత్తితో పది దెబ్బల కన్నా బరువు మ్యాలెట్‌తో రెండు దెబ్బలు నయం, చప్పుడు తక్కువ, కన్నం కూడా శుభ్రంగా పడుతుంది. ఇనుప సుత్తి అసలే వద్దు, ఫోర్క్ తల పాడవుతుంది.

రాత్రిపూటే పని చేసుకోవాలి అనుకుంటే ఫోర్క్‌ని చేత్తో నొక్కి గుర్తులు మాత్రం వేసుకుని, ఒక్కో కన్నం ఆరెతో (పిడి ఉన్న పొడిచే మొనతో) పొడుచుకుంటూ కుట్టండి. నెమ్మదే, కానీ పిల్లి నడిచినంత చప్పుడు కూడా ఉండదు. నాకైతే ఆ పద్ధతే ఎక్కువ ఇష్టం, టీవీ చూస్తూ కుట్టుకోవచ్చు.

గమ్ గురించి ఎవరూ రాయలేదు. ఫెవికాల్ ఎస్‌ఆర్ లాంటి రబ్బరు గమ్ అయితే రెండు వైపులా పల్చగా పూసి, వేలికి అంటుకోనంత ఆరాక, పది పదిహేను నిమిషాలు అనుకోండి, అప్పుడు అతికించాలి. తడి మీద అతికిస్తే పట్టదు. మన రోహిణి కార్తె ఎండల్లో అయితే అయిదు నిమిషాలకే ఎండిపోతుంది, కాబట్టి వేసవిలో కొంచెం కొంచెంగా పూసుకుంటూ వెళ్లాలి. దాని ఆవిరి మంటకి భగ్గుమంటుంది, పైగా పీలిస్తే తల తిరుగుతుంది, ఏసీ వేసుకుని తలుపులు మూసి అస్సలు వాడొద్దు. కిటికీలు తీస్తే దోమలు, దోమలకి కాయిల్ వెలిగిస్తే గమ్ డబ్బా పక్కనే నిప్పు, బెజవాడ వాళ్లకి ఇది మామూలు టెన్షన్ కాదు. నేను గమ్ పని మధ్యాహ్నం పెట్టుకుంటాను, దోమలు ఉండవు.

వానాకాలంలో బూజు. తోలుని ప్లాస్టిక్ కవర్లో పెట్టి దాస్తే బూజు గ్యారంటీ, పాత నూలు చీర ముక్కలో చుట్టి గాలి తగిలేచోట పై అరలో పెట్టండి. ఎండ నేరుగా పడే బాల్కనీలోనూ వద్దు, వెజ్ ట్యాన్ ఎండకి రంగు మారుతుంది, మీద స్కేలు పెట్టి మర్చిపోతే స్కేలు ఆకారం తెల్లగా మిగిలిపోతుంది. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు నీళ్లు మా గ్రౌండ్ ఫ్లోర్‌లోకి వచ్చినప్పుడు అక్కడ దాచిన తోలు కూడా తడిసింది. మా ఇంటి సామానంతా ఎండలో పరుస్తుంటే తోలు మాత్రం నీడలో, నేల మీద చదునుగా పరిచి, బురద తుడిచి, కొంచెం తడి ఉండగానే పల్చగా నూనె రాసి మెల్లగా ఆరనిచ్చాను. మరకలు పోలేదు కానీ తోలు బతికింది, ఇప్పుడు లోపలి అరలకి వాడుతున్నాను. ఎండలో వేసినా, హెయిర్ డ్రయర్ పట్టినా అట్ట కట్టిపోయేది.

అమ్మగారి విషయంలో నా సలహా, బాల్కనీ మూల ఒక మూత పెట్టె మీది అని చెప్పి తీసుకోండి. వాదించి గెలిచేది కాదు అది.

ఆరె_రంపె:

థ్రెడ్ అంతా చదివాను. అందరూ బాగా చెప్పారు, ఒక్కటి మాత్రం ఎవరూ అనలేదు. విజయవాడ బస్టాండ్ దగ్గరో బీసెంట్ రోడ్ మొగలోనో గుంటూరు అరండల్‌పేటలోనో ప్లాట్‌ఫాం మీద కూర్చుని చెప్పులు కుట్టే మనిషి దగ్గర మీ కిట్‌లో లేని చేతిపని ఉంటుంది. మాది నరసరావుపేట వైపు. మా తాత ఈ పనే చేసేవాడు. సాగర్ కాలవలు రాకముందు మా వైపు మోట బావులే కదా, ఆ బావుల్లోంచి నీళ్లు తోడే తోలు మోట తొండాలు కుట్టింది, ఎడ్లకి మువ్వల పట్టెడలు చేసింది, ఊరందరికీ కిర్రు చెప్పులు చేసింది మా తాతలాంటి వాళ్లే.

తోలు కూడా వాళ్లే ఊనేవాళ్లు. పచ్చి తోలుని సున్నం నీళ్లలో నానేసి వెంట్రుకలు గీకేసి, కడిగి, తంగేడు చెక్క నానిన నీళ్లలో వేసేవాళ్లు. చివర్లో తోలునే సంచిలాగా కుట్టి, లోపల చెక్క పొడి, నీళ్లు నింపి కొయ్యకి వేలాడదీసేవాళ్లు, ఆ నీళ్లు లోపల్నుంచి బయటికి ఊరుతూ ఉంటే పడిన నీళ్లే మళ్లీ పోసేవాళ్లు. మీరు ఇప్పుడు వెజ్ ట్యాన్ అని చదరపు అడుగుకి ఇంత అని పెట్టి కొనేది దాని తమ్ముడే, ఇప్పుడు ట్యానరీల్లో తంగేడు బదులు ఎక్కువగా వాటిల్ చెట్టు బెరడు సారం వాడుతున్నారు, అంతే తేడా. చెప్పులకి ఆముదం పట్టించేవాడు, నీళ్లకీ పగుళ్లకీ అదే మందు. మీరు వాలెట్‌కి ఆముదం రాయకండి, జిడ్డు వదలదు, జేబుకి అంటుతుంది. బెల్టుకీ బ్యాగు పట్టీకీ వెనక వైపు చాలా పల్చగా అయితే పర్లేదు.

ప్లాట్‌ఫాం మీద ఆయన కుట్టే పద్ధతి మీ వీడియోల్లో కుట్టు కాదు. ఆయన ఆరెకి చివర చిన్న కొక్కెం ఉంటుంది, పైనుంచి పొడిచి కింద దారాన్ని ఉచ్చులా పైకి లాగి, ఆ ఉచ్చులోంచి రెండో దారం దూర్చి బిగిస్తాడు. మిషన్ కుట్టు లాంటిదే, త్వరగా అవుతుంది, ఒకచోట తెగితే వదులవుతూ పోతుంది. రెండు సూదులతో ఒకే దారం అటూ ఇటూ వెళ్లే కుట్టు నిదానం, కానీ ఒకచోట తెగినా పక్క కుట్లు పట్టుకునే ఉంటాయి. రెండూ తెలిసి ఉండాలి. ఆయన దగ్గర మీరు చూడాల్సింది కత్తి. రంపెతో, అంటే ఆ తోలు కోసే కత్తితో, అంచు పల్చన చేసేటప్పుడు తోలుని రాయి మీద పెట్టి ఒక్క ఊపులో ఎలా తీస్తాడో, మధ్యలో ఎన్నిసార్లు ఆ కత్తిని రాయి మీద నూరతాడో చూడండి. మీ కిట్ కత్తి కాగితం కొయ్యకపోవడానికి కత్తి నాసిరకం అవ్వడం సగం కారణం, నూరకపోవడం మిగతా సగం.

వెళ్తే, పని లేని వేళ చూసి వెళ్లండి, ఆయన టైముకి డబ్బులివ్వండి, బేరం ఆడకండి. అడక్కుండా వీడియో తీయకండి.

మీ నాన్నగారి మాట చదివాను. చెప్పులు కుట్టిన డబ్బులతోనే మా తాత మా నాన్నని టీచర్ ట్రైనింగ్ చదివించాడు.

పటమట_కుర్రాడు:

అందరికీ చాలా థ్యాంక్స్. ఆరె_రంపె గారూ, నాన్న మాట ఇక్కడ జోక్‌లాగా రాయాల్సింది కాదు, సారీ అండి. నిమ్మరసం ఇందాకే పెట్టాను, మచ్చలు సగానికి పైగా పోయాయి, మిగతావి రేపు చూస్తాను. సింగ్‌నగర్ అక్కా, గ్రానైట్ ముక్క రేపే తెస్తాను.

ఇంకా రెండే డౌట్లు. ఒకటి, రంపె ఎక్కడ చేయించుకోవాలి? ఆటోనగర్‌లో లారీ కమాన్ పట్టీతో (స్ప్రింగు ఇనుప పట్టీతో) కత్తులు చేసే కొలిమి ఉందని ఫ్రెండ్ అంటున్నాడు. రెండోది, వాలెట్ నమూనాలన్నీ బయటి దేశాల వాళ్లవి, మన నోట్లకి సరిపోతాయా?

ఆటోనగర్_లేతు:

కమాన్ పట్టీ కత్తి మంచిదే, కానీ కొలిమిలో చేసేవాళ్లకి కొబ్బరి కత్తి, మాంసం కత్తి అలవాటు, పల్చటి బ్లేడు అడిగితే లావుగానే ఇస్తారు, దాన్ని పల్చబరచడానికి నీకు గ్రైండర్ మీద గంటలు పడుతుంది. గ్రైండర్ మీద ఆ ఇనుము నీలం రంగు తిరిగిందంటే పదును నిలబడదు, ఆ చోట మెత్తబడిపోయినట్టే. ప్రతి రెండు మూడు రుద్దులకీ నీళ్లలో ముంచుతూ ఉండాలి.

నా మాట విను, లేతు షాపుల్లో వాడేసిన పవర్ హాక్సా (ఇనుము కోసే మిషన్ రంపం) బ్లేడు ముక్క అడుగు. హెచ్‌ఎస్‌ఎస్ అని, అంటే హై స్పీడ్ స్టీల్ అని, రాసి ఉన్నదే తీసుకో. రెండు మి.మీ. చిల్లర మందం, అప్పటికే గట్టిపడి ఉంటుంది, నూరేటప్పుడు వేడెక్కినా గట్టితనం అంత సులభంగా పోదు, వేడి మీద ఇనుము కోయడానికే కదా దాన్ని చేసింది. మూలగా ఒక వైపే వాలు పెట్టి నూరు, రెండో వైపు చదునుగా ఉండాలి. పిడికి సైకిల్ ట్యూబు చుట్టుకో. చెప్పులు కుట్టేవాళ్లలో చాలామంది దగ్గర కత్తి ఇదే.

నూరాక చివర్లో ఒక చెక్క పట్టీ మీద తోలు ముక్క అతికించి దాని మీద పచ్చ రంగు పాలిషింగ్ సబ్బు రుద్ది, కత్తిని వెనక్కి లాగుతూ పది సార్లు అటు పది సార్లు ఇటు. పని మధ్యలో కూడా అప్పుడప్పుడు. ముందుకి తోస్తే తోలే తెగుద్ది. మన తేమకి తుప్పు పడుతుంది, కాబట్టి పని అయ్యాక కుట్టుమిషన్ నూనె ఒక చుక్క రాసి పెట్టు, మళ్లీ వాడేముందు తుడవడం మర్చిపోకు, నూనె మరక తోలులోంచి పోదు.

వన్‌టౌన్_వాసు:

పవర్ హాక్సా ముక్క కాలి మీద పడేసుకోకు, అది వంగదు, పటుక్కున విరుగుతుంది. నూరేటప్పుడు కళ్లద్దాలు పెట్టుకో.

గుంటూరు_బెల్టులు:

నోట్ల సంగతి చెప్తాను. ఇప్పటి 500 నోటు 66 మి.మీ. ఎత్తు, 150 పొడవు. డాలర్ కూడా ఎత్తు దాదాపు అంతే, పొడవు ఆరు మి.మీ. ఎక్కువ. కాబట్టి అమెరికా వాళ్ల మడత వాలెట్ నమూనా మనకి హాయిగా సరిపోతుంది. 2016కి ముందు మన పాత 500 నోటు 73 ఎత్తు, 167 పొడవు, అందుకే అప్పట్లో మన దగ్గర తయారైన వాలెట్లు అంత పెద్దగా ఉండేవి. నోటు అర లోపలి ఎత్తు 75 దాకా ఉంచుకో, మరీ బిగుతుగా పెడితే నోటు తీసేటప్పుడు మూలలు నలుగుతాయి. కార్డు ఎక్కడైనా ఒకటే సైజు, 85.6కి 54. అర వెడల్పు దానికి రెండు వైపులా కుట్టు అంచు మూడేసి మి.మీ. కలిపి, కార్డు దూరడానికి ఇంకో నాలుగైదు వదులు, అంటే 96, 97 దగ్గర పెట్టు. కొత్తలో కార్డు బిగుతుగా ఉందని వదులు పెంచకు, తోలు సాగుతుంది, తర్వాత కార్డులు జారిపోతాయి.

నమూనా నేరుగా తోలు మీద గీయకు. ముందు చార్ట్ కాగితంతో కోసి, టేపుతో అతికించి, నీ కార్డులు, నోట్లు పెట్టి జేబులో పెట్టుకుని ఒక రోజు తిరుగు.

ఇక వెనక కుట్టు, అది ఇందాక మర్చిపోయాం అందరం. మూడు చూసుకో. ఫోర్క్ నిటారుగా దిగుతోందా, పక్కకి వాలితే ముందు వైపు గీత తిన్నగానే ఉంటుంది, వెనక కన్నాలు తప్పుతాయి. మందంగా ఉంటే ఫోర్క్ మీదకి వంగి చూడకు, పక్కనుంచి చూసి కొట్టు. రెండోది, ఏ చేతి సూది ముందు దూరుతోంది, రెండో సూది మొదటి దారానికి పైన వెళ్తోందా కింద వెళ్తోందా, మొదటి కుట్టులో ఎలా ఉందో చివరిదాకా అలాగే ఉండాలి, ఒక్కచోట మారినా వెనక వైపు వెంటనే తెలిసిపోతుంది. ఫోన్ వచ్చి లేచినప్పుడే సాధారణంగా ఈ క్రమం తప్పుతుంది. మూడోది, రెండు దారాలూ ఒకే బలంతో లాగు. దారం కుట్టు పొడవుకి నాలుగింతలు తీసుకుని మొదలుపెట్టు, మధ్యలో అయిపోతే అతుకు కనిపిస్తుంది. రెండో సూది మొదటి దారాన్ని పొడుచుకుంటూ వెళ్తే అక్కడ దారం చీలి కుట్టు బిగియదు, మొద్దు సూది అన్నది అందుకే.

చేతులు రెండూ ఖాళీగా ఉండాలంటే తోలుని బిగించి పట్టుకునే కుట్టు పట్టు కావాలి, వడ్రంగి దగ్గర రెండు టేకు చెక్కలు, ఒక మడతబందు, ఒక బోల్టు వేయించుకుంటే చాలు, తొడల మధ్య పెట్టుకుని కుట్టొచ్చు. నువ్వు గుంటూరు వస్తానన్నావు కదా, ఆదివారం సాయంత్రాలు నేను ఖాళీ, మెసేజ్ పెట్టు, నా పట్టు చూసి కొలతలు తీసుకెళ్దువు గానీ. వచ్చేటప్పుడు ఆ మచ్చల ముక్క కూడా తీసుకురా.